కప్పు లేస్తోంది.. తప్పెక్కడ?

* తుపాను వచ్చిన ప్రతిసారీ ముందుగా ఎగిరేది రేకులే
* మందం, పూత, బిగింపు.. మూడింటా రాజీయే ముప్పు
* సాయంతో పాటు సాంకేతిక సలహా అందితేనే ఊరట

శ్రీకాకుళం: అక్టోబరు రెండో వారం వచ్చిందంటే తీర మండలాల ప్రజల గుండెల్లో గుబులు మొదలవుతుంది. 2013లో పైలిన్ తుపాను అక్టోబరు 12న గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కకావికలం చేసింది. 2018 అక్టోబరు 11 వేకువజామున తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానాన్ని నేలమట్టం చేసింది. మూడింటి తేదీలూ ఒకే వారంలో ఉండటం గమనార్హం. కొబ్బరి, జీడి తోటలకు జరిగిన నష్టం గురించి నాడు విస్తృతంగా చర్చ జరిగింది. ఇళ్లపై నుంచి, జీడిపప్పు కర్మాగారాలపై నుంచి, పశువుల పాకలపై నుంచి ఎగిరిపోయిన రేకుల గురించి జరగాల్సినంత చర్చ మాత్రం జరగలేదు. గాలి తగ్గిన మర్నాడే మార్కెట్లో దొరికిన రేకు తెచ్చి, దొరికిన మేస్త్రీతో, పాత పద్ధతిలోనే మళ్లీ కప్పు వేసుకోవడం పరిపాటిగా మారింది. ఒక తుపాను సాయంతో వేసిన కప్పే మరో తుపానుకు శిథిలమవుతున్న తీరుపై లోతుగా ఆలోచించాల్సిన అవసరం ఏర్పడింది.

గాలి తోయదు.. లాగుతుంది

రేకు ఎగిరిపోవడానికి గాలి దాన్ని కింది నుంచి నెట్టడమే కారణమన్న అభిప్రాయం సర్వత్రా ఉంది. ఇది సగం నిజమే. కప్పు మీదుగా వేగంగా దూసుకుపోయే గాలి అక్కడ పీడనాన్ని తగ్గించి, రేకును పైకి పీల్చుతుంది. తలుపో కిటికీయో పగిలి గాలి లోపలికి చొరబడితే లోపలి పీడనం కింది నుంచి నెడుతుంది. ఈ రెండూ కలిసినప్పుడే కప్పు లేస్తుంది. ఉప్పెన గాలికి ముందుగా ఊడేది షెడ్డు షట్టరు, ఆ వెంటనే ఎగిరేది కప్పు అన్నది అనుభవజ్ఞులందరికీ తెలిసిన విషయమే.

గాలి బలాన్ని లెక్కగట్టేందుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ఆధారం. దేశాన్ని ఇది సెకనుకు 33 మీటర్ల నుంచి 55 మీటర్ల వరకు ఆరు గాలి మండలాలుగా విభజించింది. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తీర పట్టణాలు సెకనుకు 50 మీటర్ల మండలంలో ఉన్నాయి. అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు ఈ అంకె 44, కర్నూలుకు 39. సెకనుకు 50 మీటర్ల గాలి చదరపు మీటరుపై చూపే పీడనం సుమారు 150 కిలోలు. ఐదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల చిన్న గది కప్పునే తీసుకుంటే, దానిని పైకి లాగే బలం మూడు టన్నులకు చేరుతుంది. ఆ కప్పుపై ఉన్న అర మిల్లీమీటరు ఇనుప రేకుల మొత్తం బరువు వంద కిలోలకు మించదు.

తుపాను హెచ్చరిక వెలువడగానే కప్పుల మీద ఇసుక బస్తాలు, బండరాళ్లు పేర్చడం తీర గ్రామాల్లో ఆనవాయితీ. 50 కిలోల బస్తాలు పది పేర్చినా బరువు అర టన్నే. మూడు టన్నుల లాగుడు ముందు అది నిలవదు. పైగా రేకు లేచినప్పుడు ఆ రాళ్లు ఇంట్లో వారి మీదో, పొరుగింటి మీదో పడి ప్రాణాపాయం తెచ్చిపెడతాయి. కప్పును నిలబెట్టేది దాని బరువు కాదు, బిగింపు అన్న సత్యాన్ని ఈ లెక్క తేటతెల్లం చేస్తోంది.

'నిలిచింది కదా' అన్న ధీమా

'మొన్నటి తుపానుకు నా కప్పు చెక్కుచెదరలేదు' అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఈ ధీమా ఎంత ప్రమాదకరమో చిన్న లెక్క చెబుతుంది. గాలి వేగం రెట్టింపైతే పీడనం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ తుపాను గాలులు గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల మేర వీచాయి. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటిన మొంథాదీ దాదాపు ఇదే స్థాయి. వంద కిలోమీటర్ల గాలికి చదరపు మీటరుపై పడే పీడనం 50 కిలోలకు లోపే. 180 కిలోమీటర్ల గాలి పీడనంలో ఇది మూడో వంతు కూడా కాదు. తిత్లీ సమయంలో గాలులు 140 నుంచి 150 కిలోమీటర్లతో వీచి, ఒక్కో విసురుకు 165కు చేరాయి. వంద కిలోమీటర్ల గాలికి నిలిచిన కప్పు 165కు నిలుస్తుందన్న హామీ ఏదీ లేదు.

మందంలోనే మతలబు

రేకు కొనే వేళ సామాన్యుడు అడిగేది రెండే: ధర ఎంత, రంగు ఏది. మందం గురించి దుకాణదారుడు చెప్పిందే వేదం. అసలు కిటుకు ఇక్కడే ఉంది. రంగు రేకుల మందాన్ని రెండు విధాలుగా చెబుతారు. ఒకటి ఉక్కు, దానిపై పూత, రంగు అన్నీ కలిపిన మొత్తం మందం. రెండోది పూతలు తీసేస్తే మిగిలే అసలు ఉక్కు మందం. గాలిని తట్టుకునేది రెండోదే. అర మిల్లీమీటరు అని చెప్పిన రేకులో ఉక్కు అంతకంటే తక్కువే ఉంటుంది. కాబట్టి బిల్లుపై ఏ మందమో స్పష్టంగా రాయించుకోవడం కొనుగోలుదారుడి హక్కు.

దీన్ని సరిచూసుకునే ఉపాయం మన కాటాలోనే ఉంది. ఒక మిల్లీమీటరు మందం గల చదరపు మీటరు ఉక్కు బరువు 7.85 కిలోలు. ఆ లెక్కన అర మిల్లీమీటరు ఉక్కు చదరపు మీటరుకు 3.9 కిలోలు, 0.35 మిల్లీమీటర్లదైతే 2.75 కిలోలే తూగుతుంది. రేకును మెలికలు తిప్పక ముందున్న వెడల్పుతో పొడవును గుణించి, తూకంతో పోల్చితే మోసం ఇట్టే బయటపడుతుంది. ఐఎస్ఐ గుర్తు, తయారీదారు పేరు, మందం, పూత బరువు రేకుపై ముద్రించి ఉన్నాయో లేదో చూడటం మరవరాదు.

ఉప్పుగాలికి కరిగే పూత

తీరప్రాంతంలో రేకుకు రెండో శత్రువు ఉప్పుగాలి. ఇనుప రేకును కాపాడేది దానిపై ఉన్న జింకు పూత. ఐఎస్ 277 ప్రమాణం ప్రకారం ఈ పూతను రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని లెక్కిస్తారు. 275 గ్రాముల పూత అంటే ఒక్కో వైపు సుమారు 19 మైక్రాన్లు. 120 గ్రాముల పూత అంటే ఎనిమిది మైక్రాన్ల పైచిలుకు మాత్రమే. అంతర్జాతీయ ప్రమాణాల లెక్క ప్రకారం లవణం అధికంగా ఉండే సముద్రతీర వాతావరణంలో జింకు ఏడాదికి 4.2 నుంచి 8.4 మైక్రాన్ల వరకు తరిగిపోతుంది. అంటే అలల హోరు వినిపించేంత దూరంలో ఉన్న ఇంటిపై పలుచని జింకు పూత ఒకటి రెండేళ్లకే హరించుకుపోతుంది. మందపాటి పూత సైతం నాలుగైదేళ్లకు మించి ఆగదు. సముద్రానికి దూరంగా, లోపలి మండలాల్లో అదే రేకు ఎన్నో ఏళ్లు మన్నుతుంది. కాబట్టి సారవకోటకు సరిపోయిన రేకు వజ్రపుకొత్తూరు తీరానికి సరిపోతుందని భావించడం పొరపాటే.

తీరంలో దీనికి మెరుగైన ప్రత్యామ్నాయం అల్యూమినియం, జింకు మిశ్రమ పూత. ఇందులో 55 శాతం అల్యూమినియం, 43 శాతానికి పైగా జింకు, మిగిలినది సిలికాన్. ఐఎస్ 15961 దీనికి వర్తించే ప్రమాణం. దానిపై రంగు కాల్చి వేసిన రేకులకు ఐఎస్ 15965 వర్తిస్తుంది. చదరపు మీటరుకు 150 గ్రాముల మిశ్రమ పూత తీరానికి అనువైనది. అయితే ఇదీ సర్వరోగ నివారిణి కాదు. కోళ్ల ఫారాలు, పశువుల శాలల్లో వెలువడే అమ్మోనియా, తడి సిమెంటులోని క్షార గుణం అల్యూమినియాన్ని తినేస్తాయి. అందుకే అలాంటి చోట్ల ఈ రేకులు వేసే ముందు తయారీదారు హామీపత్రాన్ని క్షుణ్నంగా చదవాలి. గోడ మీద రేకు ఆనే చోట తడి సిమెంటు నేరుగా తగలకుండా చూడాలి.

గోడలకు వేసే రేకుల విషయంలో మరో విచిత్రం ఉంది. వాన నేరుగా పడే కప్పు కంటే చూరు కింద ఉండే గోడ రేకే ముందుగా తుప్పు పడుతుంది. కప్పుపై పేరుకున్న ఉప్పును వాన కడిగేస్తుంది. చూరు నీడలోని గోడకు ఆ భాగ్యం లేదు. ఆరు నెలలకోసారి మంచినీటితో గోడ రేకులను కడిగితే వాటి ఆయుష్షు పెరుగుతుంది. గోడ రేకు అడుగు అంచు మట్టిలో దిగకుండా జానెడు ఎత్తున ఉంచడం, రేకులను గ్రైండరుతో కాకుండా కత్తెర యంత్రంతో కోయడం కూడా ముఖ్యమే. గ్రైండరు నుంచి ఎగిరే నిప్పురవ్వలు పూతను కాల్చి, తుప్పు మచ్చలకు బీజం వేస్తాయి. కొత్త రేకులను తడిలో దొంతరగా పేర్చి ఉంచితే వాడకముందే తెల్లని తుప్పు పడుతుంది.

స్క్రూల్లో పిసినారితనం

రేకుపై వేలు ఖర్చు పెట్టి, స్క్రూల దగ్గర పదులు లెక్కించడం మన అలవాటు. దీని మూల్యం ఎంతో చూద్దాం. అడ్డ దూలాల మధ్య దూరం 1.2 మీటర్లు, స్క్రూల మధ్య దూరం 30 సెంటీమీటర్లు అయితే, ఒక్కో స్క్రూ మోసేది 0.36 చదరపు మీటరు రేకు. తుపాను గాలిలో దానిపై పడే లాగుడు 54 కిలోలు. ఒకటి వేసి ఒకటి వదిలేస్తే అది 108 కిలోలకు చేరుతుంది. కప్పు అంచుల్లో, మూలల్లో, నడి వెన్నుగాడి పక్కన పీల్చే బలం మధ్య భాగం కంటే ఎంతో ఎక్కువ, ఒక్కోచోట రెట్టింపు. అందుకే రేకు ఎగరడం ఎప్పుడూ మూల నుంచో చూరు నుంచో మొదలవుతుంది. ఒక్క మూల లేచిందంటే గాలికి దారి దొరికినట్టే, మిగతా కప్పు నిమిషాల్లో ఊడిపోతుంది. కాబట్టి అంచు వరుసల్లో రేకులోని ప్రతి మిట్టకూ స్క్రూ ఉండాలి. అక్కడ అడ్డ దూలాలూ దగ్గరగా ఉండాలి.

స్క్రూ గట్టిగా ఉన్నా రేకు చిరిగిపోయే ప్రమాదం మరొకటి. 1974 డిసెంబరు 25న ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని ట్రేసీ తుపాను తుడిచిపెట్టింది. గంటకు 217 కిలోమీటర్ల గాలిని నమోదు చేశాక అక్కడి వేగమాపక యంత్రమే పాడైంది. నగరంలోని 70 శాతానికి పైగా భవనాలు ధ్వంసమయ్యాయి. కారణాలు వెదికిన ఇంజినీర్లకు ఆసక్తికరమైన విషయం తెలిసింది. గాలి ఒక్క ఊపున రేకును ఊడబెరకలేదు. వేలసార్లు లాగి వదలడంతో స్క్రూ చుట్టూ రేకు అలసి, పగుళ్లిచ్చి, చివరకు స్క్రూ తలను వదిలేసి ఎగిరిపోయింది. తీగను అటూ ఇటూ వంచితే తెగిపోయినట్టే ఇది. ఆ అనుభవంతో ఆ దేశంలో టౌన్స్‌విల్‌లోని జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయంలో ప్రత్యేకంగా తుపాను పరీక్షా కేంద్రం వెలిసింది. రేకులను, బిగింపులను పదేపదే ఊపి పరీక్షించాకే తుపాను ప్రాంతాల్లో వాడటం అక్కడ మొదలైంది. మనకు అందే పాఠం సులభమైనదే. స్క్రూ తల కింద వెడల్పాటి లోహపు వాషరు, దాని కింద రబ్బరు వాషరు ఉంటే బలం ఒక్క బిందువుపై కాకుండా విస్తారంగా పడుతుంది. స్క్రూను మరీ బిగిస్తే రేకు సొట్టపోయి పగులుకు దారి తీస్తుంది. వదులుగా వదిలేస్తే నీరు కారుతుంది. రబ్బరు కాస్త నొక్కుకునేంత వరకే బిగించాలి.

గొలుసులో బలహీనమైన కొక్కెం

రేకు దూలాన్ని వదలకపోయినా, దూలం గోడను వదిలితే ఫలితం ఒక్కటే. రేకు, అడ్డ దూలం, ట్రస్సు, స్తంభం, పునాది.. ఇది ఒక గొలుసు. మన గ్రామాల్లో గోడపై దూలాన్ని ఊరికే ఆనించి, పక్కన సిమెంటు పూసి వదిలేయడం చూస్తాం. బరువును కిందికి దించడానికి అది చాలు, పైకి లాగే గాలికి చాలదు. దూలాన్ని గోడలోని కాంక్రీటు బెల్టుకు ఇనుప పట్టీలతో, బోల్టులతో కట్టాలి. లోతైన పునాది లేని ఇనుప గొట్టాల షెడ్డు కప్పుతో సహా లేచిపోయిన ఉదంతాలు కోకొల్లలు.

కప్పు ఆకారమూ కీలకమే. ఒంటి వాలు, అతి తక్కువ వాలు గల కప్పులపై పీల్చే బలం ఎక్కువ. నాలుగు వైపులా వాలు గల కప్పు రెండు వాలుల కప్పు కన్నా మెరుగు. వాలు 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే మేలు. చూరు అర మీటరుకు మించి బయటకు పొడుచుకు రావడం మంచిది కాదు. నీడ కోసం పంచ పెంచుకోవాలనుకుంటే దానిని ప్రధాన కప్పుతో కలపక విడిగా కట్టాలి. పంచ ఎగిరినా ఇల్లు మిగులుతుంది. ఉత్తరాంధ్ర తీరంలోని మత్స్యకారుల పాత చుట్టిళ్లు గుండ్రని గోడలతో, నిటారు కప్పుతో, తల వంచి వెళ్లాల్సినంత కిందికి దిగిన చూరుతో ఉండేవి. గాలికి మూల దొరకని ఆ కట్టడంలో పూర్వుల అనుభవసారం దాగి ఉంది.

సిమెంటు రేకులతో మరో చిక్కు

తుప్పు బెడద లేదని, ఎండ వేడి తక్కువని చాలామంది సిమెంటు రేకులను ఆశ్రయిస్తున్నారు. ఆ సౌలభ్యం నిజమే. కానీ కొబ్బరి మట్టో, పొరుగింటి రేకో ఎగిరివచ్చి తగిలితే ఇవి పగిలి ముక్కలవుతాయి. వీటిలో ఆస్బెస్టాస్ నారలున్నవే అధికం. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. తుపాను తర్వాత పగిలిన ముక్కలను పొడి మీద ఊడ్చడం, రంపంతో కోయడం, దారుల్లో గుంతలు పూడ్చేందుకు పరచడం ఆరోగ్యానికి చేటు. నీళ్లు చల్లి తడిపి, ముక్కు, నోరు కప్పుకొని, పిల్లలకు దూరంగా తరలించాలి.

సాయం సరే.. సలహా ఏదీ?

ఇక ప్రభుత్వ సాయం విషయానికి వద్దాం. 2022-26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి మైదాన ప్రాంతంలో రూ.1.20 లక్షలు, పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి రూ.6,500, కచ్చా ఇంటికి రూ.4,000, గుడిసెకు రూ.8,000, ఇంటికి ఆనుకున్న పశువుల పాకకు రూ.3,000 నిర్ణయించారు. కప్పు మాత్రమే ఎగిరిపోయి గోడలు నిలిచిన ఇల్లు సాధారణంగా 'పాక్షికం' ఖాతాలోకే వెళుతుంది. నాలుగు వేలతో ఒక గది కప్పుకు కూడా మేలైన రేకులు రావు. దాంతో బాధితుడు చౌక రేకును, తక్కువ స్క్రూలను ఎంచుకోక తప్పడం లేదు. ఇది పేదవాడి అజ్ఞానం కాదు, అతని జేబు విధించిన నిర్బంధం.

నష్టాన్ని అంచనా వేసే సిబ్బంది కప్పు ఎంత శాతం పోయిందని రాస్తారే తప్ప, ఎందుకు పోయిందని రాయరు. స్క్రూ ఊడిందా, రేకు చిరిగిందా, దూలం లేచిందా అన్న ఒక్క గడి ఆ నమూనాలో చేరిస్తే, ఏ గ్రామంలో ఏ లోపం ఉందో చేతిలో ఉంటుంది. సాయంలో కొంత భాగాన్ని వాషర్లతో కూడిన స్క్రూలు, ఇనుప పట్టీల రూపంలో అందిస్తే అవి మరో ఖర్చుకు మళ్లవు. తీర గ్రామాల వెల్డర్లకు, మేస్త్రీలకు ఒకటి రెండు రోజుల శిక్షణ ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. తక్కువ ఎత్తు ఇళ్లను తుపానుకు తట్టుకునేలా తీర్చడంపై ఐఎస్ 15498 పేరిట మార్గదర్శకాలు 2004 నుంచే ఉన్నాయి. అవి ఇంజినీర్ల బీరువాలు దాటి, తెలుగులో, బొమ్మలతో గ్రామ కూడళ్లకు చేరాలి. హుద్‌హుద్ నాడు విశాఖ విమానాశ్రయ టెర్మినల్ కప్పే దెబ్బతింది. తుపాను అనంతరం అత్యవసర సేవలందించాల్సిన భవనాలను తీరానికి 60 కిలోమీటర్ల లోపు మరింత అధిక గాలి వేగానికి రూపకల్పన చేయాలని ఐఎస్ 875 సవరణ 2015లోనే నిర్దేశించింది. పాత పాఠశాలలు, ఆసుపత్రుల రేకుల వరండాలను ఈ కోణంలో తనిఖీ చేయడం తక్షణావసరం.

ఆగస్టులోనే నిచ్చెన ఎక్కాలి

కొత్త కప్పు వేసుకునే స్థోమత లేనివారు నిరాశపడనక్కర్లేదు. ఉన్న కప్పునే బలపరచుకోవచ్చు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వాన తెరిపిచ్చిన రోజు చూసి నాలుగు పనులు చేయాలి. తుప్పు పట్టిన మేకులు, జె బోల్టులు తీసి వాటి స్థానంలో వాషరు స్క్రూలు వేయాలి. చూరు, మూలలు, వెన్నుగాడి వరుసల్లో స్క్రూల సంఖ్య రెట్టింపు చేయాలి. దూలాలను గోడకు పట్టీలతో బంధించాలి. తలుపులు, షట్టర్ల గడియలు సరిచూసి, గాలి వీచే వైపు అడ్డుకర్రలు సిద్ధం చేసుకోవాలి. కప్పు ఎక్కేవారు రేకు మధ్యన కాకుండా దూలం ఉన్న వరుస మీదే అడుగు వేయాలి. కరెంటు తీగలకు దూరంగా ఉండాలి.

తుపానును ఆపడం ఎవరి తరమూ కాదు. ఎప్పుడు, ఎక్కడ తీరం దాటుతుందో వాతావరణ శాఖ రోజుల ముందే చెబుతోంది. ప్రజలను తరలించే యంత్రాంగమూ మెరుగుపడింది. ప్రాణాలు దక్కించుకుని పునరావాస కేంద్రం నుంచి తిరిగి వచ్చిన కుటుంబానికి తలదాచుకునే కప్పు మిగలాలంటే మాత్రం, అందుకు అవసరమైన పని హెచ్చరిక వెలువడ్డాక కాక వేసవి దాటగానే మొదలుకావాలి. అటు అధికారులు, ఇటు ప్రజలు ఈ దిశగా ఇకనైనా మేల్కొంటారని ఆశిద్దాం.